అందరికీ కొలత మా పిన్ని

మా పిన్నికి జలుబు చేస్తే ముందుగా తెలియాల్సింది ల్యాబుకు. ముక్కు కారడం మొదలైన పూటే ఫోన్ చేసి చెప్పాలి. తలనొప్పి మాత్ర వేసుకోవాలన్నా అడగాలి. అవతల ఫోనెత్తినవాళ్లు, "ఎల్లుండి మీ రక్తం కావాలండీ, అప్పటిదాకా ఓర్చుకోగలరా?" అంటారు. పిన్ని ఓర్చుకుంటానంటుంది. కుదరదని చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

చదువు కోసం నేను పిన్నివాళ్ల ఇంట్లో ఉండేదాన్ని. చిన్న ఇల్లు. ముందుగదిలో నేనూ మామ్మా పడుకునేవాళ్లం. మామ్మ అంటే బాబాయి వాళ్లమ్మ. లోపలి గది పిన్నిదీ బాబాయిదీ. బాబాయి లిఫ్టు మెకానిక్కు. పెద్ద పెద్ద భవనాల్లో ఎక్కడ లిఫ్టు ఆగిపోయినా సంచి భుజాన వేసుకుని పరుగెత్తేవాడు.

పిన్నిది రక్తం తీసే ఉద్యోగం. పెద్దాసుపత్రి వెనకాల ఒక పరిశోధన కేంద్రం ఉంది. కింద రోగులు కూర్చునే వరండా, దాని చివర పిన్ని గది. పైన తూకం మిషన్. దానికేదో నోరు తిరగని పేరుంది గానీ అక్కడ అందరూ దాన్ని తూకం మిషన్ అనే అంటారు. రక్తపు చుక్కలో ఉన్న ప్రోటీన్లనూ, వాటికన్నా చిన్నవైన కొవ్వులనూ చక్కెరలనూ ఆమ్లాలనూ విడదీసి, వేల రకాల అణువుల్ని వేటికవి తూచడం దాని పని. ఏ జబ్బులో ఏది పెరిగింది, ఏ మందుకి ఏది దిగింది అన్నది ఆ తూకాల్లోంచి తేలుస్తారు.

కాకపోతే ఆ మిషన్‌కి నిలకడ లేదు. ఇవాళ వంద అన్నదాన్ని వచ్చే నెల నూటపది అంటుంది. అందుకని ప్రతి విడతలోనూ రోగుల గొట్టాల మధ్య ఒక ఆరోగ్యవంతుడి రక్తం కూడా పెడతారు. మిషన్ ఎటు ఊగినా రెండూ కలిసే ఊగుతాయి కాబట్టి, ఆ రక్తంతో పోల్చి ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అని చూస్తారు. కూరగాయల కొట్లో కిలో రాయి లాంటిదన్నమాట.

మామూలుగా అయితే చాలామంది రక్తం కలిపి, చిన్న చిన్న గొట్టాల్లో పోసి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, అవసరమైనప్పుడల్లా ఒక్కొక్కటీ తీసి వాడతారు. ఇక్కడా మొదట్లో అదే పద్ధతి. ఒకసారి వరుస సెలవుల్లో ఫ్రీజర్ ఆగిపోయి ఆ గొట్టాలన్నీ కరిగి పాడయ్యాయి. నోరు కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకు తాగుతాడన్నట్టు, కేంద్రం నడిపే పెద్ద డాక్టరుగారు ఆ తర్వాత ఏ ఫ్రీజర్‌నీ నమ్మలేదు. "నిలవ రక్తం మనకొద్దు. ఒకే మనిషి, ప్రతి విడతకీ తాజా రక్తం. అలా దొరికే మనిషి కావాలి," అన్నారట. అప్పుడు గదిలో ఉన్నది మా పిన్ని. సూది ఎలాగూ ఆమె చేతిలోనే ఉంది.

"నాది తీసుకోండి సార్," అంది.

అలా మొదలైంది. అదంతా నేను వాళ్లింటికి రాకముందు, చాలా ఏళ్ల కిందట.

ఆ మాట అన్నందుకు ఆమెకు ఒక బతుకు తయారైంది. రోజూ ఒకే రకం తిండి, ఒకే వేళకి. నూనె చుక్క లెక్కన. కాఫీ లేదు, టీ లేదు. బరువు పెరగకూడదు, తగ్గకూడదు. మాత్రలు మింగకూడదు. తలకు రంగు వేసుకోకూడదు. ఎవరింటికైనా భోజనానికి వెళితే తన డబ్బా తను తీసుకెళ్లేది. ఇంటివాళ్లు చిన్నబుచ్చుకునేవాళ్లు. పిన్ని నవ్వి, "నా రక్తం నాది కాదండీ, ఏమనుకోకండి," అనేది.

మామ్మకు మాత్రం ఇదంతా గొప్ప. మెట్ల మీద ఎవరు కనబడినా ఎత్తుకునేది.

"మా కోడలి రక్తం ముందు పెట్టుకునే ఊళ్లోవాళ్ల రోగాలన్నీ తేలుస్తారు. ఈవిడకంటే ఎక్కువైనా రోగమే, తక్కువైనా రోగమే."

"మరి ఈవిడతో సమానంగా ఉంటే?" అంది కిందింటావిడ.

"ఉండరు," అంది మామ్మ.

కేంద్రంలో పిన్నిని నార్మలమ్మ అని పిలిచేవాళ్లు. ఈ పేరు మొదట పెట్టింది కత్తెర తాత. ఆయన సొంత క్షవరశాల నడిపిన మనిషి. కాలేయంలో కొవ్వు పేరుకుని, అది ముదిరి, ఒక కొత్త మందు పరీక్షలో చేరాడు. ఆ పరీక్షలో కొందరికి అసలు మాత్ర, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర. ఎవరికేది పడుతోందో రోగులకూ తెలియదు, పిన్నికీ తెలియదు, పెద్ద డాక్టరుగారికీ తెలియదు. తాత ప్రతిసారీ చెయ్యి చాపుతూ, "నార్మలమ్మా, నీ పక్కన నా గొట్టం పెడతారట కదా. కాస్త నీ గాలి తగలనియ్యి," అనేవాడు. ఆ పరీక్ష మీద ఆయనకున్న ఆశంతా ఆ వేళాకోళంలోనే ఉండేది.

నేను చేరిన మరుసటి సంవత్సరం పిన్నికి అలసట మొదలైంది.

ముందు నేనూ గమనించలేదు. పని నుంచి వచ్చి చెప్పులు విప్పడానికి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చునేది. నేను రెండు మూడు పేజీలు చదివి తలెత్తినా ఇంకా అక్కడే, ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండా కూర్చుని ఉండేది. అందరికీ చెమటలు పోసే ఎండల్లో ఆవిడ ఫ్యాన్ ఆపమనేది. ఈ ఫ్యాన్ మీద ఆ ఇంట్లో పెద్ద యుద్ధాలే జరిగాయి.

"నేను ఉడికిపోతున్నానే!" అనేవాడు బాబాయి.

"నాకు వణుకొస్తోందండీ."

"వణుకా? బయట రోడ్డు మీద తారు కరుగుతోంది."

దువ్వెన నిండా జుట్టు వచ్చేది. గొంతు బొంగురుపోయింది. ఫోన్లో ఎవరో, "సార్, ఇంట్లో మేడమ్ ఉన్నారా?" అని అడిగారు ఒకరోజు. పిన్ని, "లేరండీ, రేపు చెయ్యండి," అని పెట్టేసింది. మేమంతా పడీ పడీ నవ్వాం. ఆమె కూడా నవ్వింది. నవ్వు ఆగాక ఆమె అక్కడే గోడకు ఆనుకుని కళ్లు మూసుకోవడం నేను చూశాను.

"ఒంట్లో బాగుండటం లేదండీ," అని ఒకరోజు బాబాయితో అంది.

"నీకా? నీకు బాగోకపోతే ఊళ్లో ఇంకెవరికి బాగున్నట్టోయ్?"

ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే అలా నమ్మాడు. మామ్మయితే ఇంకొక మెట్టు ఎక్కింది. "బద్ధకం అలవాటైతే వదలదమ్మా. లేచి నాలుగడుగులు వెయ్యి."

పిన్ని పెద్ద డాక్టరుగారికీ చెప్పుకుంది. ఆయన మంచివాడే. వెంటనే కంప్యూటర్ తెరిచి ఆమె లెక్కలు చూపించారు. తెర మీద రోగుల గీతలన్నీ ఎగుడుదిగుడుగా ఉన్నాయి. పిన్ని గీత ఒక్కటే చివరిదాకా తిన్నగా ఉంది.

"చూడమ్మా, నీకేం లేదు. వేసవి కదా, నీరసం," అన్నారు.

పిన్ని సాయంత్రం నాకు ఆ మాట చెప్పి, "గీత తిన్నగానే ఉందే. నేనే వంకరగా ఉన్నాను," అంది.

ఆ గీత తిన్నగా ఉండక ఏం చేస్తుంది? అక్కడ ప్రతి సంఖ్యనూ పిన్ని సంఖ్యతోనే భాగిస్తారు. ఆమెను ఆమెతో భాగిస్తే ఎప్పటికీ ఒకటే వస్తుంది. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. కానీ అన్నేళ్లుగా తిన్నగా ఉన్న గీతను చూసీ చూసీ, దాన్ని చూడటం మానేశారు.

అదే రోజుల్లో పై అంతస్తులో పండగ వాతావరణం. మందు పరీక్ష అద్భుతంగా ఉందన్నారు. విడత విడతకీ రోగుల రక్తంలో చెడ్డ కొవ్వులు దిగిపోతున్నాయట. పెద్ద డాక్టరుగారు కేకు తెప్పించారు. పిన్ని ముక్క తీసుకుని, వాసన చూసి, ఆయాకిచ్చేసింది. కిందికి వచ్చి కత్తెర తాతకు రక్తం తీస్తుంటే ఆయన గుసగుసగా, "పైన కేకులు కోస్తున్నారట. మాకేనా తల్లీ?" అని అడిగాడు.

"నాకు చెప్పరు తాతా."

"నీ మొహం చూస్తే తెలిసిపోతుందనుకున్నా. నీ మొహమేమిటి, ఇలా ఉబ్బింది?"

ఆమె మొహం ఉబ్బిందని మొదట అన్నది ఆయనే.

సంగతి బయటపెట్టిన మనిషి లెక్కల అమ్మాయి. పైన తూకాల సంఖ్యలన్నీ సరిచూసి పట్టికలు వేసే పిల్ల. నాకంటే కాస్త పెద్దది. ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటుంది. ఆ రోజు పిన్ని స్వెట్టర్ ఇంట్లో మరిచిపోతే ఇవ్వడానికి వెళ్లాను. పిన్ని గదిలోకి నేను అడుగుపెట్టేసరికి ఆ అమ్మాయి తలుపు దగ్గరికి వేసి నిలబడి ఉంది. నన్ను చూసి ఆగింది.

"మా అక్క కూతురే, చెప్పు," అంది పిన్ని.

"అక్కా, అందరూ బాగుపడుతున్నారు."

"మంచిదే కదా."

"అందరూ అక్కా! ఒక్కడు కూడా మిగలకుండా. సగం మంది మింగేది ఉత్త మాత్ర. వాళ్లెలా బాగుపడతారు? అనుమానమొచ్చి పోయిన విడతలో ఎవరికీ చెప్పకుండా నా రక్తం కూడా పెట్టించాను. నేనేం తింటానో మీకు తెలుసుగా? పొద్దున లేస్తే వేపుళ్లు. అలాంటిది, నా కొవ్వులు మీ కొవ్వుల్లో సగం కూడా లేవట."

పిన్నికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"వాళ్లు దిగలేదక్కా," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా. "మీరు ఎక్కారు. మిమ్మల్ని పెట్టి కొలుస్తున్నాం కాబట్టి వాళ్లు దిగినట్టు కనబడుతున్నారు. మీ ఒంట్లో ఏదో అయింది."

పిన్ని ఏడుస్తుందేమోనని నేను దగ్గరికి వెళ్లాను. ఆమె నా చేతిలోంచి స్వెట్టర్ తీసుకుని వేసుకుంటూ, నేను చాలా కాలంగా ఆమె ముఖంలో చూడని సంతోషంతో అంది:

"అయితే నాకు నిజంగానే బాగోలేదన్నమాట!"

మామూలు ఆసుపత్రిలో మామూలు పరీక్ష చేస్తే తేలింది. థైరాయిడ్. ఎంతోమంది ఆడవాళ్లకు ఉండేదే. అది మందగిస్తే ఒళ్లంతా మందగిస్తుంది, రక్తంలో కొవ్వులు పెరుగుతాయి. రోజూ పొద్దున పరగడుపున ఒక చిన్న మాత్ర వేసుకుంటే చాలన్నారు. డాక్టరు రాసిచ్చాడు, బాబాయి కొనుక్కొచ్చాడు. ఆ రోజు ఆయన ఇంట్లోకి వచ్చి, ఎవరూ అడగకుండానే, ఫ్యాన్ ఆపి కూర్చున్నాడు. చొక్కా తడిసిపోతున్నా లేవలేదు.

"మా అమ్మ కూడా ఏదో అంది కదా, పట్టించుకోకు," అన్నాడు.

"నేనేమన్నాన్రా? నడవమన్నాను. నడిస్తే మంచిదేగా," అంది మామ్మ, గొంతు తగ్గించి.

మరునాడు పొద్దున ఆ మాత్ర వేసుకోవాలి. ఆ సాయంత్రమే పెద్ద డాక్టరుగారు మా ఇంటికి వచ్చారు. అంత పెద్దమనిషి మా గుమ్మంలో చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక తడుముకుంటుంటే మాకు కంగారు పుట్టింది. మామ్మ మంచం మీద దుప్పటి సరిచేసింది. ఆయన కుర్చీ అంచున కూర్చున్నారు.

"తప్పు నాదమ్మా. అందరి రక్తం కలిపి వాడాల్సింది, నీ ఒక్కదాని మీదే వేశాను. నువ్వు చెప్పినప్పుడూ వినలేదు," అన్నారు ముందుగా. అంత సూటిగా ఒప్పుకునేసరికి పిన్ని లేచి నిలబడింది.

"అయ్యో సార్, అలా అనకండి."

"ఒక సాయం కావాలి."

ఆయన చెప్పినదాని సారం ఇది. రోగుల పాత గొట్టాలు అయిపోయాయి, మళ్లీ తూచడానికి లేవు. ఉన్నవి పాత లెక్కలే, అవన్నీ పిన్నితో భాగించినవి. ఇప్పుడు కేంద్రంలోవాళ్లందరి రక్తం కలిపి కొత్త కొలత తయారుచేస్తారు. కొన్ని విడతలపాటు దాని పక్కన పిన్ని రక్తం కూడా పెట్టి, ఆమె జబ్బు ఏ వేగంతో పెరుగుతోందో పట్టుకుంటే, అదే వేగంతో వెనక్కి లెక్క కట్టి పాత సంఖ్యల్ని సరిదిద్దవచ్చు. లేకపోతే ఆ రోగులందరూ ఇన్నాళ్లూ మాత్రలు మింగి, సూదులు పొడిపించుకున్నదంతా బూడిదలో పోసినట్టే.

"అయితే అప్పటిదాకా..." అని ఆగారు.

"మాత్ర వేసుకోకూడదా సార్?"

"ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాదమ్మా. ఇదంతా ఆపాల్సి వస్తే నేనే ఆపి మాత్ర వేసుకోమంటాను. కొద్ది వారాలు. నువ్వు ఇప్పుడున్నట్టే ఉండాలి."

ఇప్పుడున్నట్టే. ఆమెతో ఆయన మొదటి నుంచీ చెబుతున్నది ఇదే. మొదట్లో ఆరోగ్యంగా ఉండమన్నారు, ఇప్పుడు జబ్బుగా ఉండమంటున్నారు. ఉండమన్నది మాత్రం మారలేదు.

ఆయన వెళ్లిపోయాక బాబాయి గదిలో అటూ ఇటూ తిరిగాడు.

"మా పనిలో ఒక నియమముందోయ్. లోపల మనిషి ఉండగా లిఫ్టు బాగుచేయం. ముందు మనిషిని బయటికి దించుతాం. తర్వాతే పానా పట్టుకుంటాం. మీ డాక్టరుకు ఆపాటి తెలియదా?"

"లోపల నేనొక్కదాన్నే లేనుగా," అంది పిన్ని. "కత్తెర తాత ఉన్నాడు, ఇంకా అంతమంది ఉన్నారు. నేను దిగిపోతే వాళ్లను ఎవరు దించుతారు?"

"వాళ్లూ నువ్వూ ఒకటేనా?"

"కాదనుకుంటే ఇన్నాళ్లూ వాళ్లను నాతో ఎందుకు కొలిచారండీ?"

పిన్ని లేచి లోపలి గదిలోకి వెళ్లింది. మాత్రల అట్ట బీరువాలో బట్టల కింద పెట్టేసింది.

మొదటి విడత అయింది. రెండో విడతకు ముందు తూకం మిషన్ ఆగిపోయింది. లోపల గాలి పీల్చేసే పంపు ఏదో పాడైందట, అది ఎక్కడినుంచో రావాలి. కొద్ది వారాలన్నవి కదలకుండా నిలబడిపోయాయి. పంపు వచ్చింది, అది వేరే రకానిది. సరైనది పంపమని మళ్లీ రాశారు. ప్రతి వారం పిన్ని పైకి ఫోన్ చేసి అడిగేది. "వచ్చేస్తుందమ్మా, వచ్చేస్తుంది."

ఈలోపు ఆమె చేతులు మందమయ్యాయి. వేలి ఉంగరం దిగలేదు. మాట నెమ్మదించింది. వాక్యం మొదలుపెట్టి, మధ్యలో ఎక్కడికో వెళ్లిపోయి, తిరిగొచ్చి పూర్తి చేసేది. మెట్ల మీద ప్రతి మలుపులోనూ ఆగేది. నేను పుస్తకం పట్టుకుని వెనకాలే ఆగేదాన్ని. తొందరేం లేదన్నట్టు కనబడటానికి ఒక పేజీ తిప్పేదాన్ని. "నువ్వు పద," అనేది. నేను వెళ్లేదాన్ని కాను. ఆ మెట్ల గోడకు కిటికీ కూడా లేదు. కింద తలుపు చప్పుడూ, పైన మామ్మ దగ్గూ, మధ్యలో మేమిద్దరం.

ఒక వారం కత్తెర తాత రక్తం ఇవ్వడానికి వచ్చాడు. మిషన్ ఆగినా ఆసుపత్రి పరీక్షలు ఆగవు కదా. ఆ రోజు జరిగింది పిన్ని చెబితేనే తెలిసింది. చెయ్యి కట్టింది, నరం చూసింది, సూది గుచ్చింది. గొట్టంలోకి రక్తం రావడం కూడా చూసింది. ఆ తర్వాత ఆమెకు గుర్తున్నది తాత గొంతు.

"కదలకు తల్లీ. నేను పట్టుకున్నాను."

కళ్లు తెరిచేసరికి ఆమె తల ఆయన భుజం మీద ఉంది. సూది ఆయన చేతిలోనే ఉంది. దాన్ని కదలనివ్వకుండా ఆయన రెండో చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. గొట్టం నిండిపోయింది.

"మా పనిలో ఇలా జరిగితే చెవి పోయేది," అన్నాడు తాత. నవ్వించాలని చూశాడు. పిన్ని నవ్వలేదు. సూది తీసి, దూది అద్దింది.

"నీకేదో జబ్బు చేసింది. మందు వేసుకోవట్లేదా?"

"వేసుకోకూడదు తాతా."

"ఎవరికోసం?"

పిన్ని చెప్పకూడదు. అయినా చెప్పింది. మీకోసమేనంది. తాత చాలాసేపు దూదిని అదిమిపట్టుకుని కూర్చున్నాడట.

"నా కాలేయానికి నేను ఉన్నాను, డాక్టర్లు ఉన్నారు. నీకెవరున్నారు? నన్నడిగితే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. నన్నెవరూ అడగలేదు." కోపంగానే అన్నాడు. వెళ్లేటప్పుడు ఎప్పటిలా ఆమెను నార్మలమ్మ అనలేదు. "వస్తాను," అని మాత్రం అన్నాడు.

మరునాడు పొద్దున బీరువా తలుపు చప్పుడు విని లేచాను. వంటింట్లో పిన్ని పంపు కింద గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. మాత్ర అరచేతిలో ఉంది, గింజంత కూడా లేదు. మింగింది. గ్లాసు కడిగి బోర్లించింది. తర్వాత ఫోన్ తీసి ల్యాబుకు చెప్పింది. అలవాటు మరి.

"మాత్ర వేసుకున్నానండీ. పెద్ద డాక్టరుగారికి చెప్పండి."

అవతలివాళ్లు ఏమన్నారో గానీ, పిన్ని, "లేదండీ, ఓర్చుకోలేను," అంది.

పై అంతస్తులో ఎవరూ అరవలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. లెక్కల అమ్మాయి ఎదురుపడితే చేతిలోని పొట్లం ముందుకు చాపింది. పెద్ద డాక్టరుగారు తల ఊపి పక్కనుంచి వెళ్లిపోయారు. పాత సంఖ్యల్లో కొన్నే మిగిలాయి, తక్కినవి వదిలేశారు. రోగుల్లో ఇష్టమున్నవాళ్లు పరీక్ష మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టవచ్చన్నారు. కొందరు మానుకున్నారు. కత్తెర తాత వచ్చాడు. చొక్కా చెయ్యి మడుస్తూ, "పదమ్మా, కొత్త కటింగే అనుకుందాం," అన్నాడు. పిన్ని సూది తీసి పక్కన పెట్టి, ఇంకో అమ్మాయిని పిలిచింది. తాత, "నువ్వే తియ్యి. నిద్రొస్తే నేనున్నానుగా," అన్నాడు. ఆమే తీసింది.

మాత్ర పనిచేయడం మొదలుపెట్టింది. గొంతు తేలికపడింది. ఉంగరం తిరగసాగింది. ఆ సమయంలోనే ఒకరోజు పెద్ద డాక్టరుగారు ఆమెను పైకి పిలిచారు. ఆ సాయంత్రం నేను పిన్నితో కలిసి బజారుకు వెళ్లాల్సి ఉంది. అందుకని ఆమెతోపాటే వెళ్లి గది మూలన నిలబడ్డాను. తూకం మిషన్ అద్దం అవతల ఆగకుండా హోరుమంటోంది. ఆ గదిలో కిటికీలన్నీ మూసే ఉంటాయి. చల్లగా ఉంది. ఈసారి మాత్రం పిన్ని స్వెట్టర్ అడగలేదు.

ఆయన ముఖంలో మళ్లీ ఉత్సాహం ఉంది.

"నీకు తెలుసా అమ్మా? ఇన్నేళ్ల రోగులందరినీ కలిపి నీకు కొలతగా పెట్టి తిప్పి చూశాను, ఉజ్జాయింపుగానైనా తెలుస్తోంది. జబ్బు రాకముందు ఇన్నేళ్ల లెక్కలు, జబ్బు వస్తున్నప్పటి లెక్కలు, ఇప్పుడు తగ్గుతున్నప్పటివి. ఒకే మనిషివి, ఒకే తిండి మీద. ఇలాంటిది నేనెక్కడా చూడలేదు. జబ్బు బయటపడక ముందే రక్తంలో ఏది మొదట కదిలిందో నీలోంచి తెలుసుకోవచ్చు. ఇక ముందు కూడా ఇస్తూ ఉంటే..."

"అందులో నేనెవర్ని సార్? రోగినా, నార్మలా?"

ఆయన ఆలోచించారు. "రెండూ," అన్నారు.

"తిండి మళ్లీ అలాగేనా?"

"అలాగే ఉంటే మంచిది."

"మాత్ర ఆపమంటారా?"

"ఎప్పటికీ అనను. రాసిస్తాను కావాలంటే."

పిన్ని అద్దంలోంచి మిషన్ వైపు చూసింది. ఇన్నేళ్లూ అక్కడ పనిచేసి, తన రక్తం అందులోకి వెళ్లడం ఆమె ఒక్కసారి కూడా చూడలేదట. కింది గదిలో పని ఉండేది కదా. ఆమె లేచి వెళ్లిపోతుందనే నేను అనుకున్నాను. వెళ్లాలని కోరుకున్నాను కూడా. ఆమె తలుపు దాకా వచ్చింది, గడియ మీద చెయ్యి వేసింది. అక్కడినుంచే, "ఎప్పటినుంచి సార్?" అని అడిగింది.

బస్సులో పిన్నిని కిటికీ పక్కన కూర్చోబెట్టాను. బజారుకు వెళ్లే ఓపిక ఇద్దరికీ లేకపోయింది. నేను మామూలుగా ఎవరినీ నిలదీసి అడగలేను. ఆ రోజు అడిగాను.

"ఎందుకు ఒప్పుకున్నావు పిన్నీ?"

"మానేస్తే మాత్రం ఎక్కడికి వెళ్తానే? రేపు పొద్దున మళ్లీ ఆ గదికే కదా వెళ్లాలి."

"వెళ్లు. కానీ ఇవ్వనని చెప్పొచ్చుగా."

ఆమె వేలి ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పింది. ఇదివరకటిలా మాట మధ్యలో తప్పిపోవడం కాదు, వెతుక్కుంటోందంతే.

"పరీక్ష పోయింది. నావల్లే పోయింది. ఇప్పుడు కాదంటే, ఇన్నేళ్లు నేనిచ్చిందంతా ఎవరిదో ఊరూపేరూ లేని రక్తమైపోతుంది. ఇలా అయితే కనీసం నాదనైనా ఉంటుంది." కాస్త ఆగి, "తప్పంటావా?" అంది.

నాకు తెలియలేదు. తెలియలేదనే చెప్పాను.

ఆమె తల కిటికీకి ఆనించింది. మాత్ర వేసుకుంటున్నా సాయంత్రాలు ఇంకా నిద్ర ముంచుకొస్తూనే ఉండేది. మా స్టాపు వచ్చింది. మనుషులు దిగారు, ఎక్కారు. నాకు లేపాలనిపించలేదు. తర్వాతి స్టాపులో కూడా లేపలేదు. బస్సు చివరిదాకా వెళ్లి ఆగింది. కండక్టర్ వచ్చి నిలబడ్డాడు.

"దిగండమ్మా, ఇదే ఆఖరు."

పిన్ని ఉలిక్కిపడి లేచి, చుట్టూ చూసి, నన్ను చూసింది.

"లేపొద్దుటే, మొద్దు మొహమా? ఇప్పుడు ఇంటికెలా పోతాం?"

"ఇదే బస్సు మళ్లీ వెనక్కి వెళ్తుంది పిన్నీ."

కండక్టర్ ఇద్దరినీ ఎగాదిగా చూసి, మళ్లీ టిక్కెట్లు తీసుకోవాలన్నాడు.